పదహారు గళ్ల దరువు

కంప్యూటర్‌లో దరువులు కట్టే స్టెప్ సీక్వెన్సర్ తెరిస్తే, తెర మీద పదహారు గళ్లు వరసగా ఉంటాయి. ఒక వెలుగు ఎడమ నుంచి కుడికి గడి గడికీ జరుగుతూ పోయి, చివరికి చేరగానే మళ్లీ మొదటికి వస్తుంది. మనం నింపిన గడి తగిలితే శబ్దం మోగుతుంది, ఖాళీ గడైతే ఏమీ మోగదు. కిక్‌కి (కాలితో మోగించే పెద్ద డ్రమ్ము) ఒక వరస, స్నేర్‌కి (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) ఒకటి, హై-హ్యాట్‌కి (జంట కంచు పళ్లేలు) ఇంకొకటి. స్టెప్ సీక్వెన్సర్ అంటే ఇంతే.

పదహారే ఎందుకంటే, బార్‌కి, అంటే దరువులో ఒక చుట్టుకి, నాలుగు దెబ్బలు, దెబ్బకి నాలుగు ముక్కలు. 1980లో జపాన్ కంపెనీ రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ మీద పదహారు బటన్లు నాలుగేసి చొప్పున ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు రంగుల్లో ఉండేవి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి నమూనా అదే. (1982లో బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఈ 808 దరువు మీదే రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ.)

కిక్‌ని 1, 5, 9, 13 గళ్లలో, స్నేర్‌ని 5, 13లో, హై-హ్యాట్‌ని 3, 7, 11, 15లో వేయండి. డిస్కో బీటు వచ్చేస్తుంది. ఇప్పుడు కిక్ వరసలో 1 ఒక్కటే ఉంచి మిగతావి తీసేసి, 11లో ఒకటి పెట్టండి. ఇందాక కాళ్లు ఆడించిన బీటు ఇప్పుడు తల ఊపిస్తుంది. నాలుగు కిక్‌లు రెండయ్యాయి, అంతే. కొత్తగా మొదలెట్టినవాళ్లు గళ్లన్నీ నింపేయాలని చూస్తారు గానీ, నా లెక్కలో దరువు తయారయ్యేది తీసేయడంలోనే.

దీని వెనక కంప్యూటర్ పడే పాట్లు సరదాగా ఉంటాయి. టెంపో 120 అంటే నిమిషానికి 120 దెబ్బలు, దెబ్బకి అర సెకను. అందులో నాలుగో వంతు, అంటే ఒక్కో గడికి 125 మిల్లీసెకన్లు. సీడీ నాణ్యతలో శబ్దాన్ని సెకనుకి 44,100 శాంపిళ్లుగా, అంటే కొలిచి దాచిన అంకెలుగా ఉంచుతారు కాబట్టి గడికి 5,512.5 శాంపిళ్లు పడతాయి. అర శాంపిల్ అనేది ఉండదు! పోనీలే అని ప్రతి గడికీ 5,512 చొప్పున కూడుకుంటూ పోతే నిమిషానికి 240 శాంపిళ్లు, గంటకి సెకనులో దాదాపు మూడో వంతు తేడా వచ్చేస్తుంది. పక్కన ఇంకో ట్రాక్ సరైన వేగంతో నడుస్తుంటే రెండూ విడిపోతాయి. అందుకే ముందు గడి ఎక్కడ మోగిందో చూడకుండా, ప్రతి గడి సమయాన్నీ పాట మొదటి నుంచి లెక్కగట్టి, ఆ తర్వాతే దగ్గరి శాంపిల్‌కి సరిపెట్టాలి.

ఇంత కష్టపడి సమంగా కోసిన గళ్లని మనమే మళ్లీ వంకర చేస్తాం. దాని పేరు స్వింగ్. అమెరికా ఇంజనీరు రోజర్ లిన్ తయారుచేసిన ఎల్ఎం-1 డ్రమ్ మెషీన్‌లోనే ఇది ఉంది. రెండేసి గళ్లని జతగా తీసుకుని రెండోదాన్ని కాస్త ఆలస్యం చేస్తారు. 120 టెంపోలో జతకి 250 మిల్లీసెకన్లు. స్వింగ్ 60 శాతం పెడితే మొదటి గడికి 150, రెండోదానికి 100. పాతిక మిల్లీసెకన్ల తేడాకే బీటు నడక మారిపోతుంది.

మన తాళాలకి ఇది పనికొస్తుందా అంటే, భేషుగ్గా. ఎనిమిది దెబ్బల ఆదితాళం చతురశ్ర గతిలో, అంటే దెబ్బకి నాలుగు ముక్కల చొప్పున, ఒక ఆవర్తానికి (చుట్టుకి) 32 గళ్లు, అంటే పదహారు గళ్ల పలక రెండుసార్లు. ఏడు అక్షరాల మిశ్రచాపుకైతే గళ్లని 14కి కుదించి, అక్షరానికి రెండు గళ్ల చొప్పున లెక్కేసుకోండి. ‘తకిట’ 1, 3, 5 గళ్లలో, ‘తకధిమి’ 7, 9, 11, 13లో పడతాయి. కిక్‌ని 1, 7, 11లో వేస్తే చాపు ఊపు దొరికిపోతుంది.

అసలు మజా, హై-హ్యాట్‌ని 16 గళ్లలోనే ఉంచి కిక్ వరసని 14 చేసినప్పుడు. తిరిగొచ్చిన ప్రతిసారీ కిక్ వరస హై-హ్యాట్ కంటే ఇంకో రెండు గళ్లు ముందే మొదలవుతుంది. రెండూ మళ్లీ ఒకేసారి మొదటి గడికి చేరేది 112 గళ్ల తర్వాతే, 120 టెంపోలో 14 సెకన్లకి. అప్పటికి కిక్ ఎనిమిది చుట్లు, హై-హ్యాట్ ఏడు చుట్లు తిరిగి ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వరసకొక పొడవు పెట్టుకోనివ్వవు. వాటిలో 112 గళ్లూ పరుచుకుని చేత్తో నింపుకోవాల్సిందే.