మందు కలిసిన నీళ్లకు ఫిల్టర్ ఉంది, మరి మట్టికి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరెత్తితే కిడ్నీ జబ్బు, ఆ వెంటే పురుగుమందుల మాట వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి మండలాలను పీడిస్తున్న ఆ జబ్బుకు పురుగుమందులే కారణమని ఇంతవరకూ తేలలేదు. సిలికా, భారలోహాల మీదా అనుమానాలున్నాయి. అది తేలినా తేలకపోయినా, నీటిలో, నేలలో చేరిన మందును వదిలించడం ఎలాగన్నది విడిగా తేల్చుకోవాల్సిన సంగతే.

ముందు వచ్చింది డీడీటీ. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇళ్ల గోడలకు కొట్టారు. పొలాల్లో గమాక్సిన్ అనే పురుగుమందు పొడి చల్లారు. ఇవి నీళ్లలో సరిగ్గా కరగవు, మట్టిని పట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. సాగులో డీడీటీని 1989లో, గమాక్సిన్‌ను 1997లో ఆపారు. తర్వాత రాజ్యమేలిన మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు తీరు వేరు. మట్టిలో అంతకాలం నిలవదు గానీ నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది, మనిషికి అప్పటికప్పుడే ప్రమాదం. కొబ్బరికి నల్లతల గొంగళి పురుగు పడితే ఈ మందును చిన్న కవర్లో పోసి చెట్టు వేరుకు కట్టేవారు. దానికీ 2023లో కేంద్రం చెక్ పెట్టింది, ఉన్న సరుకు అమ్ముకోవడానికి ఏడాది గడువిచ్చి మరీ!

నీటి సంగతి కాస్త తేలిక. ఫిల్టర్లలో వాడే ఒక రకం బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్, చాలా మందులను పట్టేస్తుంది, కొబ్బరి చిప్పల నుంచి మంచి రకం కార్బన్ తయారవుతుంది. ఆర్వో కూడా చాలావరకు ఆపుతుంది. అయితే ఈ రెండూ మందును పక్కకు తప్పిస్తాయే తప్ప చంపవు. నిండిపోయిన కార్బన్‌ను మార్చకపోతే పట్టిన మందు మళ్లీ నీళ్లలోకే రావచ్చు. ఆర్వో ప్లాంటు వెనక పైపులోంచి పోయే వేస్టు నీళ్లు ఏ కాలవలో పడుతున్నాయో టిన్ను మోసుకెళ్లేవాళ్లు చూడరు. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్లను పైపులైను ద్వారా ఉద్దానానికి తెచ్చారు. మంచి పనే. తోటల్లోని మట్టి మాత్రం అలాగే ఉంది.

మందును నిజంగా విరగ్గొట్టేవి సూక్ష్మజీవులు, వాటి జాడ దొరికింది వరి మడిలోనే. నీరు నిలిచిన మళ్లలో గమాక్సిన్ మెట్ట నేలలో కంటే త్వరగా విరుగుతుందని 1960ల్లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గమనించారు. 1973లో అక్కడే శాస్త్రవేత్తలు ఎన్. సేతునాథన్, యోషిదా కలిసి డయాజినాన్ అనే పురుగుమందును విరగ్గొట్టే బ్యాక్టీరియాను మడి నుంచి వేరుచేశారు. సేతునాథన్ తర్వాత కటక్ వరి పరిశోధనా కేంద్రంలో ఈ పని సాగించారు. ఉద్దానం వైపున్న ఇచ్ఛాపురానికి హైదరాబాద్ కంటే కటక్ చాలా దగ్గర, అయినా ఆ పరిశోధన మన గట్టు దాకా వచ్చిన దాఖలా నాకైతే కనబడలేదు. ఆ బ్యాక్టీరియాలో మందును విరగ్గొట్టే జన్యువు మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దయానంద సిద్దవటం బృందం ఏళ్లపాటు పనిచేసింది.

వాడకానికి దగ్గరగా వచ్చినవాళ్లు స్వీడన్ రైతులు. 1993 నుంచి వాళ్లు స్ప్రేయర్ నింపే చోట రెండడుగుల గుంత తవ్వి, సగం ఎండుగడ్డి, మిగతా సగంలో పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన మొక్కల పదార్థం), మట్టి కలిపి నింపుతున్నారు. పైన పచ్చిక. ఒలికిన మందును ఆ ఎండుగడ్డి మీద పెరిగే బూజులు, బ్యాక్టీరియా నెమ్మదిగా తినేస్తాయి.

మన దగ్గర ట్యాంకు నింపేదీ, కడిగేదీ బోరు పక్కనే. అక్కడ ఒలికింది పలచబడకుండా ఒకే చోట దిగుతుంది. పీట్ మనకు సులువుగా దొరకదు. దాని బదులు కొబ్బరి పీచు పొట్టు, వరిగడ్డి, చెలక మట్టితో ఇలాంటి గుంత ఏ రైతు సేవా కేంద్రం పెరట్లోనైనా ఒకటి పెట్టి, ఏడాది తర్వాత ఆ మట్టిని ల్యాబ్‌కు పంపి చూడొచ్చు.