వారసత్వ భూమి తగాదాల్లో ఇంజంక్షన్: అపోహలు - వాస్తవాలు

"ముందు ఇంజంక్షన్ తెప్పించండి సార్, మిగతాది తర్వాత చూసుకుందాం." తండ్రి పోయాక అన్నదమ్ముల మధ్య మాట చెడిందంటే కక్షిదారు నోట మొదట వచ్చేది ఇదే. ఇంజంక్షన్ అంటే ఫలానా పని చేయకూడదని కోర్టు ఇచ్చే నిషేధ ఉత్తర్వు. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: అవతలివాళ్లు పొలంలోకి రాకూడదా, పొలం అమ్మకూడదా? దావా ఎలా వేయాలన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది.

అపోహ: ఇంజంక్షన్ వచ్చిందంటే భూమి మనదని కోర్టు ఒప్పుకున్నట్టే.

కాదు. దావా తేలేదాకా భూమిని ఉన్నది ఉన్నట్టు ఉంచడానికే తాత్కాలిక ఉత్తర్వు. ప్రాథమికంగా కేసు ఉందా, ఉత్తర్వు ఇస్తే ఎవరికి, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, జరిగే నష్టం తర్వాత డబ్బుతో పూడేదేనా అన్న మూడు విషయాలే అప్పటికి చూస్తారు. హక్కు సంగతి సాక్ష్యం నడిచాకే. ఇంజంక్షన్ తెచ్చుకుని దావా ఓడిపోయినవాళ్లకు కొదవ లేదు.

అపోహ: పాసుపుస్తకం నా పేరున ఉంది, తమ్ముళ్లను పొలం గట్టు ఎక్కనివ్వను.

ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. పాసుపుస్తకం రెవెన్యూ రికార్డు. అందులోని నమోదు తప్పని రుజువయ్యేదాకా సరైనదనే అనుకుంటారు, నిజమే. కానీ మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కొత్తగా హక్కు పుట్టించదు, ఉన్న వారసుడి హక్కును తుడిచేయదు. పంపకాలు కాని భూమిలో ప్రతి సెంటులోనూ అందరికీ పాలు ఉంటుంది. పెద్దవాడు ఒక్కడే దున్నుతున్నా, మిగిలినవాళ్ల తరఫున కూడా దున్నుతున్నట్టే చట్టం లెక్క. అందుకే సహవాటాదారు పొలంలోకి రాకుండా ఇంజంక్షన్ సాధారణంగా దొరకదు.

ఎప్పుడో పంచుకుని ఎవరి ముక్క వారు సాగు చేసుకుంటున్నారంటే అది వేరు. అయితే దాన్ని చూపించాలి. పారీకత్తు (పంపకాల పత్రం) ఉంటే మంచిదే. లేకపోతే అడంగల్‌లో (ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డు) అనుభవదారు గడిలో కొన్నేళ్లుగా వరుసగా మీ పేరు, శిస్తు రశీదులు, పంట రుణం కాగితాలు, బోరు కరెంటు కనెక్షన్ పనికొస్తాయి. తగాదా మొదలయ్యాక పొలంలో నిలబడి తీయించుకున్న ఫొటోలకు పెద్ద విలువ ఉండదు.

ఇక షెడ్యూలు, అంటే దావాలో భూమి విస్తీర్ణం, హద్దులు రాసే భాగం. ఐదెకరాల సర్వే నంబరులో ముగ్గురు వారసులు ఉంటారు. వాది "నా వాటా ఎ.1-66 సెంట్లు" అని రాసి, కింద హద్దుల్లో మాత్రం తండ్రి దస్తావేజులోవి ఎత్తి రాస్తాడు: తూర్పున డొంక, దక్షిణాన పంటకాలువ, మిగతా రెండు వైపులా బయటివాళ్ల పొలాలు. అవి మొత్తం ఐదెకరాల హద్దులు! నిజంగా పంచుకుని ఉంటే కనీసం ఒక వైపైనా తమ్ముడి పొలం ఉండాలి కదా. పంపకాలు కాలేదని ప్రతివాది కౌంటర్‌లో (తన జవాబులో) రాయనక్కర్లేదు, వాది షెడ్యూలే చెప్పేస్తుంది.

పంచుకోలేదంటే దారి ఒక్కటే: వాటాలు పంచమని కోరే భాగపరిష్కార దావా వేసి, అందులో అమ్మకాలు, తనఖాలు చేయకుండా ఇంజంక్షన్ అడగడం. దీన్ని పక్కనపెట్టి ఉత్త ఇంజంక్షన్ దావా వేయడం ఖర్చు తక్కువని చేసే పనే, చివరికి రెండు దావాల ఖర్చవుతుంది.

అపోహ: పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల స్వాధీనంలో లేదు కాబట్టి ఇంజంక్షన్ అడగలేదు.

అన్న స్వాధీనం చట్టం దృష్టిలో ఆమె స్వాధీనం కూడా. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు జరిగి ఉంటే మాత్రం వాటిని తిరగదోడలేరు. అమ్మకం ఆపమని అడగడానికి ఆమె పొలంలో ఉండాల్సిన పని లేదు.

అపోహ: దావాలో ఉన్న భూమి అమ్మినా చెల్లదు, ఇంజంక్షన్ ఎందుకు?

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 ఆ అమ్మకాన్ని రద్దు చేయదు. కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడాలి, అంతే. ఈలోగా అతను ప్లాట్లు చేసి నలుగురికి అమ్మితే, వాళ్లందరినీ దావాలో చేర్చుకుంటూ పోవాలి. ఉత్తర్వు తెచ్చుకుని, దాని కాపీ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకోవడమే మేలు.

అపోహ: అవతలివాళ్లకు తెలియకుండా ఎక్స్‌పార్టీ ఉత్తర్వు తెచ్చుకుంటే పని అయిపోయినట్టే.

నోటీసు లేకుండా ఇవ్వడం మినహాయింపు, కారణాలు రాయాలి. ఉత్తర్వు పొందిన వాది వెంటనే కాగితాలన్నీ ప్రతివాదికి పంపి, ఆ రోజు గానీ మర్నాడు గానీ అఫిడవిట్ వేయాలి. ఆ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 39 అంటుంది (ఆచరణలో వాయిదాల సంగతి మీకు తెలిసిందే). చెల్లి ఉన్న సంగతి, పాత దావా సంగతి దాచి తెచ్చుకున్న ఉత్తర్వు ఆ ఒక్క కారణంతోనే పోవచ్చు. తగిన ఆధారం లేకుండా ఇంజంక్షన్ తెచ్చుకున్నారని తేలితే సీపీసీ సెక్షన్ 95 కింద రూ.50,000 వరకు పరిహారం కూడా పడవచ్చు.

అపోహ: ఉత్తర్వు ఉంటే పోలీసులు వచ్చి పొలానికి కాపలా కాస్తారు.

వాళ్లంతట వాళ్లు రారు. పోలీసు సాయం కావాలంటే కోర్టులో వేరే దరఖాస్తు వేసుకోవాలి. ఉత్తర్వు మీరినవాళ్లపై ఆర్డర్ 39 రూల్ 2ఎ కింద వెళ్తే ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు ఉన్నాయి. ఎవరు, ఏ రోజు, ఏ గట్టు తవ్వారో రాయకుండా "వినడం లేదు" అంటే ఆ దరఖాస్తు నిలవదు.

అవతలివాళ్లే ముందు కోర్టుకు వెళ్తారని అనుమానం ఉంటే సీపీసీ సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే దరఖాస్తు) వేసుకోవచ్చు. మీకు నోటీసు రాకుండా ఉత్తర్వు ఇవ్వరు. దాని గడువు 90 రోజులు, ఆ తర్వాత మళ్లీ వేయాలి.