బంతి నాలుగు మీటర్లు ముందుకొచ్చేసింది

దసరా సెలవులకి రాయగడలో మా అక్క వాళ్లింటికి వెళ్తే గుమ్మంలోనే మేనల్లుడి ఫిర్యాదు. "ఏటి మావయ్యా ఇది, బటన్ నొక్కేసిన ఎప్పటికో కొడతన్నాడు. కంట్రోలర్ పోయినట్టుంది." విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న గేమ్ కన్సోల్ అది. అమ్మినవాడు అంటగట్టేశాడని బావ అప్పటికే తేల్చేశారు. టీవీలోనే బోలెడు గేమ్స్ ఉండగా ఈ డబ్బా ఎందుకని అక్క దెప్పుతోంది.

నేనూ కూర్చుని రెండు ఓవర్లు ఆడాను. రెండుసార్లు బౌల్డ్. క్రికెట్లో నేనెప్పుడూ అంతే గానీ, ఈసారి తప్పు నాది కాదు. టీవీ రిమోట్ తీసి సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్ చూస్తే ‘సినిమా’ అని ఉంది. ‘గేమ్’కి మార్చాను. బొమ్మ కాస్త వెలవెలబోయింది. కానీ గుంటడు మూడో బంతికే సిక్స్ లేపాడు.

టీవీకి వచ్చే సినిమా అప్పటికే అయిపోయిన పని. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మో ముందే రాసి ఉంటుంది. 4కె తెర మీద దాదాపు 83 లక్షల చుక్కలు. సెకనుకి 24 బొమ్మలు ఉన్నవున్నట్టు పంపాలంటే సెకనుకి సుమారు 480 కోట్ల బిట్లు, అంటే ఒకట్లూ సున్నాలూ, కావాలి. ఓటీటీ వాళ్లు దాన్ని కోటిన్నర బిట్లలోకి కుదించేస్తారు. హీరో వెనక గోడ కదలకపోతే దాన్ని మళ్లీ పంపరు, కదిలింది ఎటు కదిలిందో మాత్రం చెబుతారు. ఆ మూట విప్పడానికే టీవీ చిప్‌లో ఒక ప్రత్యేక భాగం ఉంది. దానికి ఆ ఒక్క పనే వచ్చు, అందుకే తక్కువ కరెంటుతో చేసేస్తుంది. టీవీ కాసేపటికి సరిపడా సినిమాని ముందే తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి తొందర కూడా లేదు.

తొందర లేదు కాబట్టే సోకులు. రంగులు దిద్దుతుంది, మరకలు తుడుస్తుంది, రెండు బొమ్మల మధ్య లేని బొమ్మని ఊహించి గీస్తుంది. సినిమాలన్నీ సీరియల్లా జారిపోతున్నట్టు కనిపించేది ఇందుకే; నాకైతే పరమ చిరాకు. మధ్య బొమ్మ గీయాలంటే తర్వాతి బొమ్మ చేతికి రావాలి, వచ్చేదాకా ఆగాలి. ఇవన్నీ కలిసి కొన్ని టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా పోతుంది. సినిమా చూసేవాళ్లకి అది తెలియదు, మాటని కూడా టీవీ అంతే ఆపి వినిపిస్తుంది గనక. బ్యాట్ పట్టినవాడి సంగతి వేరు. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ కాస్త సేపట్లో దాదాపు 4 మీటర్లు దూసుకొస్తుంది. పిచ్ మొత్తం పొడవే 20 మీటర్లు! గేమ్ మోడ్ ఆ సోకులన్నీ మాన్పించి, వచ్చిన బొమ్మని వచ్చినట్టే తెర మీద పడేస్తుంది.

తమాషా ఏమిటంటే, పాత డబ్బా టీవీకి ఈ జబ్బు లేదు. టీవీని చూడ్డమే కాదు, దానితో ఆడొచ్చు కూడా అని 1966లో రాల్ఫ్ బేర్ అనే అమెరికా ఇంజనీరుకి తట్టింది. ఆ ఆలోచనే 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీగా బజారుకొచ్చింది. చప్పుడు లేదు, రంగుల్లేవు, రంగు ప్లాస్టిక్ కాగితాలు తెరకి అంటించుకోవాలి. కానీ అప్పటి గాజు గొట్టం టీవీకి బొమ్మని దాచుకునే చోటే లేదు. వచ్చింది వచ్చినట్టే వెలిగేది.

కన్సోల్‌కి తర్వాతి బొమ్మ ఇంకా పుట్టలేదు. ఎటు కొట్టాలో మా వాడే తేల్చుకోలేదు మరి. సెకనుకి 60 బొమ్మలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లే గడువు. బంతి ఎక్కడుంది, బ్యాట్‌కి తగిలిందా, నీడ ఎటు పడింది, అన్నీ ఆలోపే లెక్కగట్టి గీయాలి. ప్లేస్టేషన్ 5 అనే కన్సోల్‌లో 16 జీబీ మెమరీ, సెకనుకి 10 లక్షల కోట్లకు పైగా లెక్కలు చేయగల చిప్ ఉన్నది ఇందుకే. పెద్ద గేమ్ నడిస్తే 200 వాట్ల దాకా లాగుతుంది. రెండు మూడు జీబీల మెమరీ ఉండే మామూలు స్మార్ట్ టీవీ క్యారమ్స్ ఆడించగలదు, ఇది మాత్రం దాని వల్ల కాదు. అక్క ప్రశ్నకి నా జవాబదే. అయితే బావ సినిమాలు కూడా కన్సోల్‌లోనే చూస్తున్నారు. అరిసెల మూకుట్లో పాలు కాచినట్టుంది. టీవీలోని యాప్ చాలు.

ఆ రోజు వానకి కరెంటు రెండుసార్లు పోయింది. మధ్యాహ్నం అక్క సినిమా సగంలో పోయింది. ఎక్కడ ఆగిందో ఓటీటీ కంపెనీ సర్వర్లో రాసి ఉంది గనక కరెంటు రాగానే అక్కడి నుంచే మొదలైంది. సాయంత్రం మేనల్లుడి మ్యాచ్ 19వ ఓవర్లో ఉండగా మళ్లీ పోయింది. ఆ స్కోరంతా ఉన్నది కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో. వాడు కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. కరెంటొచ్చాక మళ్లీ టాస్ వేశాడు.