12 గెలుపులు తక్కువైన టామీ జాన్

2024 డిసెంబరులో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లను సత్కరించే హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ముందుకు మాజీ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) టామీ జాన్ పేరు వచ్చి, ఎప్పటిలాగే వెనక్కి పోయింది. 16 ఓట్లలో 12 కావాలి, పడ్డవి 7. దాంతో అతను ఆ గౌరవానికి తగినవాడా కాదా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. 26 సీజన్లు, అతని ఖాతాలో పడ్డ 288 గెలుపులు అందరికీ తెలిసినవే. అసలు పీటముడి 1974లో ఉంది.

ఆ ఏడాది జులై 17న మాంట్రియల్‌తో మ్యాచ్‌లో ఈ డాడ్జర్స్ జట్టు ఎడమచేతి పిచర్ మోచేతి లోపలి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగింది. అప్పటికి ఆ సీజన్‌లో 13 గెలిచి 3 ఓడాడు. సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతి నుంచి ఒక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నార) తీశారు. బొటనవేలు, చిటికెనవేలు ఆనించి మణికట్టు కాస్త వంచితే తాడులా పైకి లేచేది అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, అయినా చేతి పనికి లోటు రాదు. అందుకే తీసినా పర్లేదు. మోచేతికి పైనా కిందా ఎముకలకు బెజ్జాలు పెట్టి, తెగిన లిగమెంట్ స్థానంలో దాన్ని 8 అంకెలా దూర్చి బిగించారు. మళ్లీ ఆడే అవకాశం నూటికి ఒకటని జోబ్ అంచనా.

లిగమెంట్ నిలిచింది, నరం మొరాయించింది. వేళ్లు కొంకర్లు పోవడంతో డిసెంబరులో రెండో ఆపరేషన్. జాన్ వేగాన్ని నమ్ముకున్న పిచర్ కాదు. అతని ఆయుధం చివర్లో కిందికి దిగే సింకర్, దానికి వేలి కొసల పట్టే ప్రాణం. అందుకే 1975 అంతా పోయింది. ‘ఘనత ఆపరేషన్ చేసిన జోబ్‌ది, ఇతను బల్ల మీద పడుకున్నాడంతే’ అనేవారు ఈ ఏడాదిని లెక్కలోకి తీసుకోరు.

1976లో తిరిగొచ్చి 10 గెలిచాడు, మరుసటి ఏడు 20. యాంకీస్ జట్టుకు మారాక 1979లో 21, 1980లో 22. ఆపరేషన్‌కు ముందు 124 గెలుపులు, తర్వాత 164.

ఏటా మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఒక్కటీ లేదన్నది అవతలివారి వాదన. నిజమే, రెండుసార్లు రెండో స్థానమే. కానీ పిచర్లకు హాల్‌లోకి రాచబాట లాంటి 300 గెలుపులకు తగ్గినవి 12, గాయంతో పోయింది ఏడాదిన్నర. హాల్ కోసం బేస్‌బాల్ రచయితలు వేసే ఓటింగ్‌లో 15 ఏళ్లు నిలబడ్డా, ఆఖరుసారి 2009లో దక్కింది 31.7 శాతం. కావాల్సింది 75.

జోబ్‌ను మాత్రం 2013లో అదే హాల్ పిలిచి సత్కరించింది.