టిక్కుమందా, లేదా?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం మా పై అంతస్తు అమ్మాయి తన గిటార్ ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) మోసుకుంటూ కిందికి వచ్చింది. "తాతయ్యా, ఫుట్‌స్విచ్ ఎంత తొక్కినా క్లీన్‌లోకి రావట్లేదు, డిస్టార్షన్‌లోనే ఉండిపోయింది. రిపేరు షాపులో నాలుగు వాల్వులూ మార్చారు, అయినా అంతే" అంది. అంత డబ్బు పోసింది పాపం. జబ్బు మాత్రం వాల్వుల్లో, అంటే సిగ్నల్‌ను పెంచే ఆ గాజు బుడ్లలో, లేదు. మీలో కొందరు ఇప్పుడు వాల్వు ఆంప్‌లు కొంటున్నారని విన్నాను, అందుకే ఈ ఉత్తరం.

ఆంప్‌లో రెండు దారులుంటాయి. ఒకటి పాట నడిచే దారి. గిటార్ నుంచి వచ్చిన సిగ్నల్ వాల్వుల గుండా స్పీకర్‌కు చేరేది ఇందులోనే. రెండోది ఆజ్ఞ నడిచే దారి, మీ కాలి కింది మీట నుంచి లోపలి రిలే (తీగచుట్ట, అంటే కాయిల్‌లో కరెంటు పారితే అయస్కాంతమై కాంటాక్టులను లాగే స్విచ్) దాకా. చాలా ఆంప్‌లలో ఈ రెండో దారిలో వాల్వు అన్నదే ఉండదు. కాబట్టి ఛానెల్ (క్లీన్ అనే శుభ్రమైన ధ్వని ఒకటి, డిస్టార్షన్ అనే గరగర ధ్వని ఇంకొకటి) మారనప్పుడు ముందు వాల్యూమ్ సున్నాకు తెచ్చి, ఫ్యాన్ ఆపి, ఆంప్ దగ్గర చెవి పెట్టి మీట నొక్కండి. సన్నగా 'టిక్' వినపడితే ఆజ్ఞ చేరినట్టే, రిలే కదిలింది, తప్పు పాట దారిలో ఉంది. వినపడకపోతే ఆజ్ఞే చేరలేదు, లేదా రిలేనే పోయింది. కొన్ని ఆంప్‌లలో రిలే బదులు ఎల్‌డీఆర్ ఉంటుంది: నల్లటి చిన్న డబ్బీలో ఒక ఎల్‌ఈడీ, దాని వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే ఒక పలక. దానికి చప్పుడుండదు. ఎల్‌ఈడీ నీరసిస్తే ఛానెల్ సగం సగంగా, మందకొడిగా మారుతుంది.

అమ్మాయి ఆంప్‌కు ఫుట్‌స్విచ్ కేబుల్ పీకేసి ముందు ప్యానెల్ మీద బటన్ నొక్కితే శుభ్రంగా టిక్కుమంది, ఛానెల్ మారింది. అంటే తప్పు ఆంప్ బయటే ఉందన్నమాట. కేబుల్ చూశాను. అసలుది పోతే, మామూలు గిటార్ కేబుల్ పెట్టి వాడుతోంది! ఇలాంటి రెండు బటన్ల ఫుట్‌స్విచ్‌కు సాధారణంగా స్టీరియో కేబుల్ కావాలి. ప్లగ్గు మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే స్టీరియో, ఒకటే ఉంటే గిటార్‌ది. ఒక్క గీత ప్లగ్గు గుచ్చితే జాక్‌లోని నడిమి కాంటాక్టు ఎప్పుడూ గ్రౌండుకే తగులుతుంది. ఒక బటన్‌ను ఎవరో నొక్కిపట్టుకున్నారని ఆంప్ అనుకుంటుంది. ఆమె ఆంప్‌లో ఆ బటన్ ఛానెల్‌దే. కోఠి గుజరాతీ గల్లీకి పోయి సరైన కేబుల్ తెచ్చుకుంది, సరిపోయింది.

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. కొన్నేళ్ళ కింద ఒక ఆంప్ నన్ను చాలా తిప్పలు పెట్టింది. పొద్దున బాగానే మారేది. మే నెల ఎండల్లో గంటసేపు వాయించాక మాత్రం కదిలేది కాదు. రిలే పోయిందనుకుని కొత్తది వేశాను. రెండు రోజులు పనిచేసింది, మళ్ళీ మొదటికొచ్చింది. అప్పటికిగాని మల్టీమీటర్ పెట్టి చూడలేదు. 5 వోల్టుల రిలే కాయిల్ దగ్గర 4 వోల్టులు కూడా లేవు. ఆ ఆంప్‌లో వాల్వుల ఫిలమెంట్లకిచ్చే 6.3 వోల్టుల ఏసీనే డయోడ్లతో డీసీగా మార్చి, ఒక ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌తో నిలకడ చేసి రిలేకు ఇస్తారు. ఆ కెపాసిటర్ ఎండిపోయింది. చల్లగా ఉన్నప్పుడు అరకొర వోల్టేజీతోనే రిలే ఎలాగో లాగేది. రాగి తీగ పది డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు 4 శాతం పెరుగుతుంది. లోపల నలభై డిగ్రీలు పెరిగితే కాయిల్‌లో కరెంటు ఎంత తగ్గుతుందో మీరే లెక్కేయండి. వేడెక్కాకే మొరాయించే ఆంప్ ఎదురైతే ఆ కెపాసిటర్‌ను, డయోడ్ల దగ్గర పగిలిన టంకాన్ని ముందు అనుమానించండి.

టిక్కుమన్నా ధ్వని మారకపోతే రిలే కాంటాక్టుల మీద పొర కట్టి ఉండొచ్చు. ఫ్యాను స్విచ్‌లో అయితే పోయే కరెంటే ఆ పొరను కాల్చేస్తుంది. గిటార్ సిగ్నల్‌కు అంత బలం లేదు, దుమ్మూ చెమ్మా దాన్ని ఇట్టే ఆపేస్తాయి. బంగారు పూత కాంటాక్టులున్న రిలే వేసేది అందుకే. ఒక ఛానెల్ మాత్రమే నీరసంగా ఉంటే, అప్పుడు వాల్వును అనుమానించండి. 12ఏఎక్స్7 అనే రకం వాల్వు బుడ్డి ఒక్కటే అయినా లోపల రెండు వాల్వులుంటాయి. అందులో సగం పోయి సగం బతికుండొచ్చు. పెట్టె విప్పకుండా చేతికందే వాల్వైతే, ఆంప్ ఆపి, అది చల్లారాక, మంచిదని తెలిసిన ఇంకో 12ఏఎక్స్7తో మార్చి చూస్తే తేలిపోతుంది.

ఇక గట్టిగా చెప్పాల్సింది ఇది. ఆంప్ పెట్టె మీరు విప్పకండి. లోపల 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా పెద్ద కెపాసిటర్లలో అది చాలాసేపు నిలిచి ఉంటుంది. నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా రెసిస్టరు పెట్టి దాన్ని దింపి, మీటర్లో సున్నా చూశాకే వేలు పెడతాను, అదీ ఒక్క చెయ్యే. నేర్చుకోవాలని ఉంటే తెలిసినవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోండి, నా దగ్గరికొచ్చినా సరే. స్పీకర్ తగిలించకుండా వాల్వు ఆంప్‌ను ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

షాపులో తీసేసిన పాత వాల్వులు అడిగి తెచ్చుకోమని అమ్మాయికి చెప్పాను. తెచ్చింది. నాలుగూ ఒక్కొక్కటే పెట్టి చూశాం, అన్నీ బాగున్నాయి. గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, పైన తారీఖు రాయించాను.

మీ తాతయ్య,
చిక్కడపల్లి, హైదరాబాద్