87తో గుణించి చూడండి: నమూనా రైల్వేపై అపోహలు – వాస్తవాలు

ఇంట్లో నమూనా రైల్వే కడుతున్నానని చెప్పగానే ఎదుటివారు వెలిబుచ్చే అభిప్రాయాలకూ, కొత్తగా ఈ పనిలోకి దిగినవారు చేసే పొరపాట్లకూ చాలావరకు మూలం ఒక్కటే. అసలు రైలును మనం చూస్తాం గానీ కొలవం. నమూనాను కొలుస్తాం గానీ ఆ కొలతను తిరిగి అసలు రైలుకు అన్వయించి చూడం. నేను పనిచేసేది హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు వస్తువులో 87వ వంతు పరిమాణంలో. అందువల్ల ఈ కింది అపోహల్లో సగానికి పైగా 87తో గుణించో, భాగించో తేల్చుకోవచ్చు.

అపోహ: ఇది పిల్లల ఆట.

పుణేలోని కోత్రుడ్‌లో 1998 నుంచి నడుస్తున్న జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియంను ఒకసారి చూసినవారు ఈ మాట అనరు. బొమ్మ రైలుకూ నమూనా రైలుకూ తేడా ధరలో కంటే వేగంలో బాగా తెలుస్తుంది. సెకనుకు ఒక మీటరు చొప్పున పరుగెత్తే హెచ్‌ఓ బండి వేగాన్ని 87తో గుణిస్తే గంటకు 313 కి.మీ. అవుతుంది. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే మన ప్యాసింజరు బండిని నమూనాలో చూపాలంటే అది సెకనుకు 26 సెం.మీ. మాత్రమే కదలాలి. అంత నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా నడపడం పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే.

అపోహ: పెద్ద గది లేనిదే సాధ్యం కాదు.

ఇందులో సగం నిజం ఉంది. చూడటానికి బాగుండాలంటే వంపు వ్యాసార్ధం అన్నిటికంటే పొడవైన బండికి కనీసం మూడు రెట్లుండాలన్నది మా వాళ్లు పాటించే లెక్క. రాజధాని వంటి రైళ్లకు వాడే ఎల్‌హెచ్‌బీ రకం బోగీ 23.54 మీటర్లు, నమూనాలో 27 సెం.మీ.; దానికి 81 సెం.మీ. వ్యాసార్ధం కావాలి. అలాంటి బండి వెనక్కి తిరగాలంటే బల్ల వెడల్పు సుమారు 1.75 మీటర్లు ఉండక తప్పదు. చిన్న గదిలో రాజధాని ఎక్స్‌ప్రెస్ నడపాలనుకుంటే నిరాశే మిగులుతుంది.

అయితే గది ఎంత ఉందో చూసుకుని రైలును ఎంచుకోవచ్చు కదా! బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.7 మీటర్లు, నమూనాలో 12 సెం.మీ. పైచిలుకు. దానికి 46 సెం.మీ. వంపు ధారాళంగా సరిపోతుంది. ఇంజను ఒక్కటే కాస్త పొడవు కనుక వంపులో బయటికి పొడుచుకు వస్తుంది. ఆ వంపును సొరంగంలో దాచేస్తే సరి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో అరకు వెళ్లినవారికి కొండ వెంట కొండలోకి దూరే ఆ సొరంగాలు తెలిసినవే. చిన్న గది ఉన్నవాడికి అంతకంటే సహజమైన సాకు దొరకదు. అసలు గూడ్సు బండిలో 58 వ్యాగన్లుంటే నమూనాలో అది 7 మీటర్లు దాటుతుంది. కానీ 12 వ్యాగన్లు ఒక సొరంగంలోంచి వచ్చి మరో సొరంగంలోకి పోతుంటే, తోక ఎక్కడుందో చూసేవారు లెక్కపెట్టరు.

అపోహ: హెచ్‌ఓ ఇంజనును హెచ్‌ఓ పట్టాల మీద పెడితే కొలతలన్నీ కుదిరినట్టే.

ఐరోపా, అమెరికా రైళ్ల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. అక్కడి ప్రామాణిక గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1435 మి.మీ.; దాన్ని 87తో భాగిస్తే వచ్చేది 16.5 మి.మీ., హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం అంతే. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ.; దాన్ని భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. అంటే సరైన కొలతలో చేసిన మన ఇంజనును దుకాణంలో దొరికే పట్టాల మీద నిలబెట్టినప్పుడు ఒక్కో వైపు చక్రం 1.4 మి.మీ. లోపలికి జరిగిపోయి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం లావుపాటి మనిషి ఇరుకు చెప్పులు తొడుక్కున్నట్టు కనిపిస్తుంది.

దీనికి పరిష్కారాలు లేకపోలేదు. 19.3 మి.మీ. పట్టాలను చేతితోనే వేసుకుని, ప్రతి చక్రాన్నీ ఇరుసు మీద బయటికి జరుపుకోవచ్చు. నేనూ ప్రయత్నించాను, మామూలు పట్టాల వరకు బాగానే సాగింది గానీ, ఒక వానాకాలమంతా పట్టిన రెండు పాయింట్ల (బండిని ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే కదిలే పట్టాల) మీద ఏ బండీ పట్టాలు తప్పకుండా పోలేదు. చివరికి 16.5 మి.మీ. పట్టాలకే తిరిగి వచ్చి, లేఅవుట్‌ను, అంటే బల్ల మీది రైల్వే మొత్తాన్ని, కంటి ఎత్తుకు లేపి, చూసేవారు ఎప్పుడూ పక్కనుంచే చూసేలా అమర్చుకున్నాను. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బ్రిటన్‌లో ఓఓ స్కేలువారు ఇదే 16.5 మి.మీ. పట్టాల మీద 76.2వ వంతు బండ్లను తరతరాలుగా నడుపుతున్నారు. ఆ లెక్కన వారి గేజి 1435కు బదులు 1257 మి.మీ. అవుతుంది.

చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, బ్రాడ్‌గేజికి దొరకని సౌలభ్యం, అంటే దుకాణపు పట్టాలే కొలతకు సరిపోవడం, చిన్న గేజిలకు దొరుకుతుంది. 12 మి.మీ. పట్టాలను 87తో గుణిస్తే 1044 మి.మీ. వస్తుంది, మీటర్‌గేజికి చాలా దగ్గర. సికింద్రాబాద్–మన్మాడ్ మార్గాన్ని పాత రోజుల్లో ఉన్నట్టు కట్టాలనుకునేవారికి అది చాలు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లిన నారోగేజి 762 మి.మీ.; భాగిస్తే 8.76. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలువారు వాడే 9 మి.మీ. పట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి మీద నడిచే చిన్న ఇంజన్ల అడుగుభాగాలూ దొరుకుతాయి. పైభాగం మాత్రం మనం చేసుకోవాలి. చిన్న రైలు, చిన్న వంపులు, పొలాల మధ్య స్టేషన్లు: తెలుగువారిలో ఎవరైనా ఈ మార్గాన్ని కట్టడానికి పూనుకుంటే చూడాలని నాకు ఎంతో కోరిక.

అపోహ: ఒక మార్గం మీదుగా మరో మార్గాన్ని దాటించడం తేలిక.

విద్యుత్ తీగలున్న మార్గం మీద వంతెన కట్టాలంటే పట్టాకూ పట్టాకూ మధ్య కనీసం 8 సెం.మీ. ఎత్తు కావాలి. 50కి 1 వాలులో (50 సెం.మీ. పోతే 1 సెం.మీ. ఎక్కే వాలు) ఆ ఎత్తు ఎక్కడానికి 4 మీటర్లు, దిగడానికి మరో 4 మీటర్లు పడుతుంది. బల్ల మీద చోటు లేక చాలామంది 25కి 1 వాలు వేస్తారు. కర్జత్ నుంచి లోనావాలా ఎక్కే భోర్ ఘాట్‌లో వాలు 37కి 1. అక్కడే వెనకనుంచి నెట్టడానికి అదనపు ఇంజన్లు తగిలిస్తారు. 25కి 1 వాలు మీద నమూనా ఇంజను చక్రాలు ఉన్నచోటే తిరుగుతుంటే తప్పు ఇంజనుది కాదు.

అపోహ: బోగీలు ఎంత తేలికైతే అంత మంచిది.

తేలికైన బోగీలే పట్టాలు తప్పుతాయి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచన ప్రకారం హెచ్‌ఓ బండికి 28 గ్రాములు, దానికి తోడు ప్రతి అంగుళం పొడవుకూ 14 గ్రాములు ఉండాలి. నమూనాలో 24.5 సెం.మీ. ఉండే ఐసీఎఫ్ (మన పాత రకం) బోగీకి అది దాదాపు 165 గ్రాములు అవుతుంది.

అపోహ: డీసీసీ పెట్టుకుంటే రెండు తీగలు చాలు.

డీసీసీ అంటే ఒక్కో ఇంజనుకూ విడిగా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి. అందులో ఆజ్ఞలు పట్టాల గుండానే పోతాయి కనుక ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను వేర్వేరుగా నడపవచ్చు. ఆ మేరకు స్విచ్చులు తగ్గుతాయి. కరెంటు మాత్రం పాత పద్ధతిలో కంటే ఎక్కువగానే పారుతుంది. పట్టాలను కలిపే చిన్న రేకు ముక్కలను నమ్ముకోకుండా, బల్ల కింద లావుపాటి తీగను సాగదీసి, ప్రతి పట్టా ముక్కకూ ఒక సన్నని తీగను సోల్డరింగ్ చేయాలి. పని పూర్తయ్యాక లేఅవుట్‌లో ఏ మూలనైనా రెండు పట్టాలకూ తగిలేలా రూపాయి నాణెం పెట్టి చూడండి. కంట్రోలర్ వెంటనే కరెంటు ఆపేయాలి. ఎక్కడైనా ఆపకపోతే అక్కడి వైరింగ్ బలహీనమని అర్థం. రేపు బండి పట్టాలు తప్పి షార్టయినప్పుడు ఇంజనులో ఆజ్ఞలు అందుకునే డీకోడర్‌తో పాటు ప్లాస్టిక్ కూడా కరగవచ్చు.

అపోహ: ఎండకు పట్టాలు సాగి పైకి లేస్తాయి.

మీటరు పొడవు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.3 మి.మీ. మాత్రమే. (పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు.) మన కోస్తా ఊళ్లలో అసలు దోషి గాలిలోని తేమ. చెక్క ఉబ్బి, మళ్లీ ఎండి ముడుచుకున్నప్పుడు పట్టాలు వంకర తిరుగుతాయి. ప్లైవుడ్‌కు అడుగునా అంచులకూ కూడా రంగు వేయడం దీనికి మందు.

అపోహ: కంకరకు అక్వేరియం రాళ్లు చాలు.

3 మి.మీ. రాయిని 87తో గుణిస్తే 26 సెం.మీ. బండరాయి అవుతుంది. మన రైల్వే కంకర 65 మి.మీ. నుంచి 20 మి.మీ. వరకు ఉంటుంది; నమూనాలో పెద్ద రాయి కూడా 0.75 మి.మీ. మించకూడదు. క్రషర్ దగ్గర దొరికే గ్రానైట్ పొడిని టీ వడకట్టే జాలిలో జల్లించి, కడిగి ఎండబెట్టి, దాని మీద అయస్కాంతం తిప్పాలి. ఇనుప రేణువులు మిగిలితే అవి మోటారులోకి చేరతాయి. పట్టాల మధ్య కంకర సర్దాక, సబ్బునీటి చుక్క కలిపి పలుచన చేసిన ఫెవికాల్‌ను చుక్కలు చుక్కలుగా వేయాలి. పాయింట్ల దగ్గర మాత్రం కంకర వీలైనంత తక్కువ వేయండి. కదిలే పట్టా అతుక్కుపోతే దాన్ని విడదీయడం కంటే కొత్తది కొనడం సులువు.

అపోహ: నల్లరంగు పులిమితే పాతబడిన రూపు వస్తుంది.

60 సెం.మీ. దూరం నుంచి నమూనాను చూడటమంటే అసలు బండిని 52 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంత దూరంలో ఉన్న బండి రంగు డబ్బాలోని రంగంత ముదురుగా అనిపించదు. అందుకే నేను డబ్బాలోని నలుపును నేరుగా వాడను. అందులో బూడిదరంగు కలుపుతాను. పట్టాల పక్కలకు ముదురు గోధుమరంగు వేసి, పైభాగాన్ని మాత్రం మెరిసేలా తుడుస్తాను. దుకాణపు స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెలు) సాధారణంగా చెక్కరంగులో వస్తాయి. మన ప్రధాన మార్గాల్లో ఉన్నవి కాంక్రీటువి కనుక వాటిని లేత బూడిదరంగులోకి మార్చాలి. ఇంజన్లు ఆగే చోట నూనె మరక, బండ్లు బ్రేకు వేసే ప్లాట్‌ఫారం చివర ఇనుప ధూళి వల్ల వచ్చే ఎర్రదనం, ఖనిజం వ్యాగన్ల లోపల ఒక ఎరుపు, బయట వానకు కారిన చారల్లో మరో ఎరుపు: ఇవన్నీ ఎక్కడెక్కడ ఉంటాయో దగ్గరలోని స్టేషన్‌లో ఒక పూట కూర్చుని రాసుకున్నాకే నేను కుంచె తడుపుతాను.