నురగ నిలవట్లేదా? ముందు గ్లాసు చూడండి: బీర్ గ్లాసులపై అపోహలు - వాస్తవాలు

బార్ కౌంటర్ వెనక నిలబడేవాళ్లు ఒక మాట విని విని విసిగిపోయి ఉంటారు: "ఈ బీర్ పాతది, నురగే నిలవట్లేదు." నీళ్లు కలిపారని కొందరు, గ్యాస్ అయిపోయిందని ఇంకొందరు. గ్లాసు మీదకి మాత్రం ఎవరి అనుమానమూ పోదు. నేను చూసినంతలో తప్పు చాలాసార్లు దానిదే.

అపోహ: తళతళలాడుతుంటే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టే.

వాస్తవం: కాదు. బార్ల డబ్బు ఎక్కువగా వృథా చేసే అపోహ ఇదే. నురగని నిలబెట్టేది బీర్‌లోని ప్రొటీన్లు, హాప్స్ అనే పూల నుంచి వచ్చే చేదు పదార్థాలు. కంటికి కనిపించనంత జిడ్డు చాలు, ఆ బుడగలు చితికిపోతాయి. లిప్‌స్టిక్, వేపుళ్లు తిన్న వేళ్లు, పాలు కలిపిన డ్రింకుల మీగడ, సరిగా పోని సబ్బు, అన్నీ ఆ పనే చేస్తాయి. గ్లాసు లోపలి గోడకి బుడగలు గుంపుగా అతుక్కుని కదలకుండా ఉంటే అక్కడ మురికి ఉన్నట్టు. దాన్నే చూసి "గ్యాస్ బాగుంది" అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు!

నేను పనిచేసిన ఒకచోట మధ్యాహ్నం నురగ బాగానే ఉండేది, సాయంత్రం రద్దీ మొదలయ్యాక నిలిచేది కాదు. కెగ్ (బీర్ పీపా) వెనక్కి పంపారు. ట్యాప్ దాకా బీర్ వచ్చే లైన్లు కడిగించారు. గ్యాస్ ప్రెషర్ పెంచారు. దాంతో ట్యాప్ దగ్గర పొంగి సగం బీర్ ట్రేలోకి పోయింది తప్ప గ్లాసులో మార్పేమీ లేదు. తీరా చూస్తే, రద్దీ వేళ వంటింటి ప్లేట్లు తోమిన స్పాంజితోనే గ్లాసులూ తోమేస్తున్నారు. ఒక గ్లాసు విడిగా కడిగి, ఆ సింక్‌లోంచి వచ్చిన గ్లాసు పక్కన పెట్టి, ఒకే ట్యాప్ నుంచి రెండింట్లోనూ పోశాను. కడిగినదాంట్లో రెండు వేళ్ల మందం నురగ కదలకుండా నిలిచింది. గుక్క గుక్కకీ గోడ మీద తెల్లటి వలయం మిగిల్చింది. రెండోది చూస్తుండగానే బోసిపోయింది. మేనేజర్ ఇంకేం మాట్లాడలేదు కానీ, అప్పటికే పారబోసిన బీర్ ఖర్చు ఎవరిస్తారు?

పరీక్ష తేలిక. గ్లాసుని చల్లటి నీళ్లలో ముంచి తీసి వంచండి. నీరు పల్చటి పొరలా జారితే సరే, చుక్కలుగా విడిపోతే జిడ్డున్నట్టు. తడి గ్లాసు లోపల ఉప్పు చల్లినా తెలుస్తుంది: జిడ్డున్న చోట ఉప్పు అంటదు. గ్లాసులకి విడిగా బ్రష్ పెట్టుకోండి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడగండి. గుడ్డతో తుడవద్దు, టవల్ మీద బోర్లించొద్దు. గాలాడే రాక్ మీద ఆరనివ్వండి. పోసే ముందు ఒకసారి చల్లటి నీళ్లతో తొలిస్తే ఇంకా మంచిది.

నురగ పోయిందని చిటికెడు ఉప్పు వేసే మహానుభావులకో మాట: అది ఉన్న గ్యాస్‌ని ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. క్షణం పొంగుతుంది, ఆ తర్వాత తాగేది చప్పటి బీరే.

అపోహ: ఫ్రీజర్‌లో గడ్డకట్టిన గ్లాసులో పోస్తేనే మజా.

వాస్తవం: ఆ మంచు కరిగి బీర్‌లోనే కలుస్తుంది. గరుకు మంచు తగిలి నురగ అతిగా పొంగుతుంది. ఫ్రీజర్ వాసన అదనం. పైగా అంత చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది. తేలికపాటి లాగర్ బీర్‌కి సర్దుకుపోవచ్చు కానీ, స్టౌట్ లాంటి చిక్కటి నల్ల బీర్‌కి ఇలా చేస్తే మనసు ఒప్పదు.

అపోహ: నురగ అంటే మోసం.

వాస్తవం: డబ్బిచ్చినవాళ్ల అనుమానం నాకర్థమవుతుంది. సగం గ్లాసు నురగే ఉంటే నిలదీయండి. కానీ పైన కొంత నురగ ఉండాల్సిందే, సువాసన అందులోంచే వస్తుంది. కొలత గీత ఉన్న గ్లాసైతే గొడవే లేదు: బీర్ గీత దాకా, నురగ ఆ పైన. గోధుమ బీర్ పోసే పొడవాటి వైజన్ గ్లాసుకి 500 మిల్లీలీటర్ల గీత పైన అంత ఖాళీ వదిలేది అందుకే.

అపోహ: ప్రతి బీర్‌కీ దాని గ్లాసే ఉండాలి.

వాస్తవం: కొత్తగా చేరిన పిల్లలు దీని గురించి పెట్టుకునే టెన్షన్ అంతా ఇంతా కాదు. నిజానికి ట్యులిప్ పువ్వు ఆకారపు గ్లాసు ఒకటి, మామూలు పింట్ గ్లాసు ఒకటి ఉంటే చాలావరకు నడిచిపోతుంది. కోల్ష్ అనే జర్మన్ బీర్ పోసే 200 మిల్లీలీటర్ల సన్నటి స్టాంగె గ్లాసు, స్ట్రాంగ్ బీర్లకి పొట్ట ఉబ్బిన స్నిఫ్టర్ గ్లాసు ఉంటే సంతోషం, లేకపోతే కొంప మునగదు. నోనిక్ అనే రకం పింట్ గ్లాసు పైభాగంలోని ఉబ్బు రుచి కోసమని చెప్పేవాళ్లని నమ్మకండి. అది పట్టు జారకుండా, ఒకదాంట్లో ఒకటి పెట్టినప్పుడు అంచులు పగలకుండా పెట్టింది. కొన్ని గ్లాసుల అడుగున ఉండే గరుకు గుర్తు కూడా లోపం కాదు. బుడగలు అడుగు నుంచి ఆగకుండా లేవాలని లేజర్‌తో కావాలనే చెక్కుతారు.

పింట్ అంటే ఎంతని వాదనకి దిగకండి. బ్రిటిష్ పింట్ 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పింట్ 473. మీ దగ్గరున్నది ఏదో కొలిచి చూసుకోండి. ఇక, వాషర్‌లోంచి తీసిన వేడి గ్లాసులో వెంటనే చల్లటి బీర్ పోయొద్దు. నురగ పొంగడం ఒక్కటే కాదు, ఒక్కోసారి గ్లాసు చేతిలోనే పగులుతుంది.